పనికి తాళం వేసిందెవరు?

(చిట్కుల్‌లో యువజనులు, మహిళలు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సభ పెట్టిన తమ్ముళ్లు వారం కింద మా ఇంటికొచ్చి, "సార్, నిరుద్యోగం మీద మాట్లాడాలె. ఊరికే ప్రభుత్వాన్ని తిట్టి పోవద్దు. పెద్ద చదువులు చదివినోళ్లు దీనికి ఏం కారణం చెప్తున్నరో అది చెప్పండి, అది నిజమో కాదో కూడ చెప్పండి" అన్నారు. మంచి మాట. మేము బడిపంతుళ్లం, ఆర్థికశాస్త్ర పండితులం కాము. డిగ్రీ కాగితం మా ఇంటి గడప తొక్కింది మా తరంలోనే. అయినా ఒక లెక్క తప్పా ఒప్పా చూడడానికి పండితుడే కానక్కరలేదు. ఆ లెక్కలో మన బతుకు ఎక్కడ రాశారో వెతికి చూస్తే చాలు.

ముందు ఒక పిల్లవాడి ముచ్చట చెప్తాం. మా దగ్గర పదో తరగతి చదివినోడు. ఐటీఐలో ఫిట్టర్ చేసిండు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఫ్యాక్టరీ గేట్లన్నీ తిరిగిండు. ఒక గేటు దగ్గర "ఏ ఊరు?" అన్నారు. "చిట్కుల్" అన్నడు. "లోకలోళ్లను తీసుకోం, పో" అన్నారు. ఇంకో గేటు దగ్గర "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అన్నారు. పని ఇవ్వకుండ ఎక్స్‌పీరియన్స్ ఏడికెళ్లి వస్తది? చివరికి ఒక కాంట్రాక్టర్ తీసుకున్నడు. ఫిట్టర్‌గా కాదు, హెల్పర్‌గా. పన్నెండు గంటల డ్యూటీ. కొన్నాళ్లకు అదీ పోయింది. తర్వాత ఒక మీటింగులో ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఇక్కడి పిల్లలకు నైపుణ్యం లేదు, కష్టపడే బుద్ధి లేదు, అందుకే కంపెనీలు బయటోళ్లను తెచ్చుకుంటున్నయి" అన్నడు. ఆ పిల్లవాడు మా పక్కనే కూసున్నడు. మెల్లగా అడిగిండు: "సార్, నేను పని చెయ్యనంటినా?"

ఈ రోజు మా ప్రసంగమంతా ఆ పిల్లవాడికి జవాబు చెప్పే ప్రయత్నమే.

ఆ పెద్దమనిషి అన్నది ఆయన సొంత మాట కాదు. దాని వెనుక ఒక సిద్ధాంతం ఉంది. దాన్ని సరఫరా సిద్ధాంతం అంటారు. సంతకు రెండు కొసలుంటయి. ఒక కొసన సరుకు తయారు చేసేవాడు, ఇంకో కొసన కొనేవాడు. అసలు సంగతంతా తయారుచేసే కొసనే ఉంది, దాన్ని సరిచేస్తే కొనే కొస దానంతటదే సర్దుకుంటది అనేది ఈ సిద్ధాంతం. 1803లో ఫ్రాన్సు దేశస్థుడు జాన్ బాప్టిస్ట్ సే దీనికి పునాది వేసిండు. సరుకు తయారైతే కూలి, లాభం, అద్దె రూపంలో డబ్బు పుడుతుంది, ఆ డబ్బే మళ్లీ సరుకులు కొంటుంది, కాబట్టి దేశం మొత్తం మీద అమ్ముడుపోని సరుకు చాలాకాలం మిగలదు అన్నది ఆయన వాదం సారం.

1930లలో ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. గోదాముల్లో సరుకు నిండుగా ఉంది, వీధుల్లో జనం ఖాళీ కడుపులతో ఉన్నారు. సే చెప్పినట్టు ఎందుకు జరగలేదు? 1936లో ఇంగ్లండులో కీన్స్ అనే ఆయన జవాబు చెప్పిండు. డబ్బున్నోడు దాచిపెట్టుకుంటే, పేదోడి చేతిలో డబ్బే లేకపోతే, కొనేవాడు ఉండడు. కొనేవాడు లేకపోతే ఫ్యాక్టరీ ఆగుతుంది. అప్పుడు సర్కారే పనులు పెట్టి జనం చేతికి కూలి అందించాలె. చాలా ఏండ్లు ఈ మాటే నడిచింది.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపడంతో కొన్ని నెలల్లోనే దాని ధర దాదాపు నాలుగు రెట్లయింది. ధరలూ పెరిగినయి, నిరుద్యోగమూ పెరిగింది. రెండూ ఒక్కసారే రావడంతో కీన్స్ మందు పారలేదు. అప్పుడు సరఫరావాదులు మళ్లీ ముందుకొచ్చారు. అమెరికాలో ఆర్థర్ లాఫర్ వంటివాళ్లు, పన్ను మరీ ఎక్కువైతే మనిషి పని చెయ్యడం, పెట్టుబడి పెట్టడం తగ్గిస్తాడు, పన్ను తగ్గిస్తే ఉత్పత్తి పెరిగి ఖజానా కూడా నిండవచ్చు అన్నారు. 1979లో బ్రిటన్‌లో థాచర్, 1981లో అమెరికాలో రీగన్ ఈ దారి పట్టారు.

ఇప్పుడు నిరుద్యోగానికి వాళ్లు చెప్పే కారణాలు వినండి. ఒకటి, యజమాని మీద పన్ను ఎక్కువ, అందుకే కొత్త ఫ్యాక్టరీ పెట్టడు. రెండు, చట్టాలు ఎక్కువ. కనీస వేతనం, పీఎఫ్, తీసేయాలంటే పర్మిషన్. ఇవన్నీ ఉంటే యజమాని తీసుకోవడానికే భయపడతాడు. మూడు, పనివాడిలోనే లోపం. నైపుణ్యం లేదు, లేదా సర్కారు ఇచ్చేదాంతో ఇంట్లో కూర్చుంటున్నడు. మాంద్యం ఎందుకొస్తుందంటే కొనేవాళ్లు లేక కాదు, తయారీ ఖర్చు పెరిగి అంటారు. చమురు, కరెంటు, పన్ను, లైసెన్సు, ఏదో ఒకటి ఉత్పత్తికి అడ్డం పడుతుంది. ఆ అడ్డం తీసేస్తే బండి కదులుతుంది. అంటే పనికి తాళం పడింది, ఆ తాళం తియ్యాలె అంటున్నరు.

మనం న్యాయంగా మాట్లాడాలె. ఇందులో నిజం లేదా? ఉంది. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు లేక పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టారు. మన బెల్టులో కాంట్రాక్టు కూలి చేసినోళ్లు గుర్తు చేసుకోండి. కరెంటు లేదంటే షిఫ్టు లేదు, షిఫ్టు లేదంటే కూలి లేదు. కొనేవాడు ఉన్నడు, పనివాడు ఉన్నడు, కరెంటు లేదు. అది సరఫరా వైపు తాళమే. కరెంటు వచ్చినంక ఆ తాళం ఊడింది. నిజాన్ని నిజమని ఒప్పుకుందాం.

ఇంకో మాట. ఉత్పత్తి గురించి ఆలోచించడం మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాసిండు. భూమి మీద మోయలేనంత మంది పడ్డారని, చేతికి పని లేనివాళ్లు అందులో ఎంతోమంది అని, పరిశ్రమలు రాకుండా వ్యవసాయం కూడా బాగుపడదని అందులో వాదించిండు. ఫ్యాక్టరీ వద్దనే మాట మనది కాదు. మా తాత జీతమున్నడు. పటేలు పిలిస్తే పొద్దూ మాపూ లేదు. మా నాయిన మొదటిసారి గేటు లోపలికి పోయి పంచింగ్ కార్డు పట్టుకున్న రోజు, పని మొదలయ్యే టైము, ముగిసే టైము అనేవి ఉంటాయని మా ఇంటికి తెలిసింది. ఆ టైము ఊరికే రాలేదు. వైస్రాయి కౌన్సిల్లో 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసిన అంబేద్కరే ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గించే సవరణ తెచ్చిండు. ఈ చట్టాన్నే ఇప్పుడు ఉద్యోగాలకు అడ్డం అంటున్నరు.

సరే, సిద్ధాంతాన్ని పరీక్షకు పెడదాం. పరీక్ష కోసం అమెరికా దాకా పోనక్కరలేదు. మన పటాన్‌చెరు బెల్టే ఒక ప్రయోగశాల.

ఇక్కడ రెండు రకాల ఫ్యాక్టరీలు వచ్చినయి. 1960లలో రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. తర్వాత భానూరులో బీడీఎల్, ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చినయి. అవి సర్కారు సొమ్ముతో పెట్టినవి. వాటిలో రిజర్వేషన్ ఉంది. మాల మాదిగ వాడల నుంచి మొదటి పర్మనెంట్ ఉద్యోగాలు, మొదటి క్వార్టర్లు, పిల్లలకు మంచి బడి చాలా మందికి వాటి నుంచే వచ్చినయి. రెండో రకం ప్రైవేటు కంపెనీలు. 1970లలో, 80లలో వెనుకబడిన ప్రాంతం అనే పేరు మీద భూమి, రాయితీలు ఇచ్చి పిలిచారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీగా గెలిచినంక ఇంకా జోరుగా వచ్చినయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వరుసగా లేచినయి.

కాగితం మీద రాయని ఇంకో రాయితీ కూడా ఇచ్చారు. అది మన వాగు. మురుగు శుద్ధి చెయ్యకుండ వదిలితే కంపెనీకి ఖర్చు తగ్గుతది. నక్కవాగు నల్లగా పారింది, మంజీరలో కలిసింది. బావులు, బోర్లు చెడిపోయినయి. 1990లో సంగతి సుప్రీంకోర్టుకు పోయింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం నడవడం మొదలైంది. కంపెనీలు వచ్చి ఎన్నో ఏండ్లు గడిచినంక సంగతి ఇది.

లెక్క ఎక్కడ తప్పిందో చూడండి. తయారీ ఖర్చు తగ్గితే ఉత్పత్తి పెరుగుతుందంటారు. కంపెనీ ఖర్చు తగ్గింది, నిజమే. అయితే ఆ ఖర్చు మాయం కాలేదు. మన పొలాల మీద పడింది. వరి పండిన మడి బీడు పడితే నాటు వేసే అక్కకు పని పోయింది, కలుపు తీసే చెల్లెకు పని పోయింది, గడ్డి లేక బర్రె అమ్ముకున్న ఇంట్లో పాల పైసలు పోయినయి. అది ఉత్పత్తి కాదా? అది సరఫరా కాదా? కంపెనీ ఇచ్చిన ఉద్యోగాలు బోర్డు మీద రాశారు. వాగు మింగిన ఉద్యోగాలు ఏ బోర్డు మీదా రాయలేదు. భూమి లేని మనకు నష్టపరిహారం కాగితంలో కూడా పేరు లేదు. ఎందుకంటే పరిహారం పట్టా ఉన్నోడికి, కూలి పోయినోడికి కాదు.

రెండో పరీక్ష, కొనే కొస. 2019 సెప్టెంబరు 20న కేంద్రం కంపెనీల ఆదాయం మీద పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించింది. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతమే అన్నది. దీనివల్ల ఖజానాకు ఏడాదికి 1,45,000 కోట్ల రూపాయలు తగ్గుతాయని సర్కారే చెప్పింది. సరఫరా సిద్ధాంతం ప్రకారం ఆ డబ్బుతో కొత్త ఫ్యాక్టరీలు లేవాలె. కాని 2020లో రిజర్వు బ్యాంకు తన వార్షిక నివేదికలో ఏం రాసింది? కంపెనీలు ఆ మిగులును అప్పులు తీర్చుకోవడానికి, నగదు నిల్వ పెట్టుకోవడానికి వాడుకున్నాయని, కొత్త పెట్టుబడుల కోసం కాదని రాసింది. ఎందుకట్ల? కిరాణా కొట్టు పెట్టినోడిని అడగండి. ఉన్న సరుకే అమ్ముడు పోకపోతే, సర్కారు పన్ను తగ్గించిందని ఇంకో రెండు బస్తాలు తెచ్చుకుంటడా? తెచ్చుకోడు. మిగిలిన పైసలు పెట్టెలో పెట్టుకుంటడు.

బయటి దేశాల్లో కూడా ఇంతే గొడవ. రీగన్ 1981లో పై తరగతి ఆదాయపు పన్ను 70 నుంచి 50 శాతానికి తగ్గించే చట్టం తెచ్చిండు. మరుసటి ఏడాది చివరికి అక్కడ నిరుద్యోగం 10.8 శాతానికి పోయింది. తర్వాత తగ్గింది. మా పన్ను కోత వల్లనే తగ్గిందని వాళ్లంటారు. అధిక వడ్డీ వల్ల పెరిగింది, వడ్డీ దించినంక, సర్కారు అప్పు చేసి ఖర్చు పెట్టినంక తగ్గిందని ఇంకొందరంటారు. ఆ తగువు ఇంకా తెగలేదు. కాన్సస్ రాష్ట్రంలో మాత్రం తెగింది. 2012లో అక్కడ పన్నులు బాగా కోశారు. అన్నంత ఎదుగుదల రాలేదు, బడులకు పైసలు తగ్గినయి. 2017లో అక్కడి శాసనసభే గవర్నరు వద్దన్నా వినకుండ ఆ కోతను ఎత్తేసింది.

మన దగ్గర 2020 సంగతి మరవొద్దు. లాక్‌డౌన్ పెట్టంగనే షెడ్లు మూసిండ్రు. ఆ ఏడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశం ఉత్పత్తి అంతకుముందు ఏడుతో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. కందిలో ఐఐటీ కట్టడం పనిలో ఉన్న వలస కూలీలు కూలి కోసం, ఊరికి పోనియ్యమని రోడ్డెక్కారు. మే 1న, కార్మికుల పండుగ నాడు, దేశంలో మొదటి శ్రామిక రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. సుమారు 1,200 మంది ఎక్కారు. వాళ్లకు నైపుణ్యం లేకనా రైలెక్కింది? కష్టపడే బుద్ధి లేకనా? కూలి ఆగిన వారానికే బియ్యం కొనలేని బతుకు కాబట్టి ఎక్కారు. వాళ్లు పోయినంక వాళ్లు తిన్న హోటలు, ఉన్న రేకుల గదులు, చాయ్ బండ్లు అన్నీ పడుకున్నయి. ఇస్నాపూర్ చౌరస్తాలో మనం కండ్లారా చూసినం. ఒకరి కూలి ఇంకొకరి గిరాకీ. ఇది తెలుసుకోవడానికి కీన్స్‌ను చదవనక్కరలేదు.

కూలి చేతికొస్తే ఏమైతదో కూడా చూసినం. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. కూలి పెద్దగా ఏం లేదు. కాని ఊళ్లో ఇంకో పని ఉందన్న ధైర్యంతో మన ఆడవాళ్లు పటేళ్ల పొలం గట్టు మీద నిలబడి రేటు అడిగారు. అప్పుడు వచ్చిన అరుపేమిటి? "కూలోళ్లు సోమరులైపోయిండ్రు" అన్నారు. సిద్ధాంతంలో చెప్పే మూడో కారణం ఊరి భాషలో ఇదే. ఆరు నెలలు పని లేకుండా ఉంచినప్పుడు ఎవరూ సోమరి అనలేదు. ఎక్కువ కూలి అడిగిన నాడే సోమరులమైనం.

ఇప్పుడు అసలు తాళం దగ్గరికి వద్దాం. సరఫరావాదులు చట్టం తాళం, పన్ను తాళం, కరెంటు తాళం లెక్కపెడతారు. ఈ దేశంలో రెండు వేల ఏండ్లుగా పనికి వేసిన తాళం ఒకటుంది. దాని పేరు కులం. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ చెప్పిన సంగతి ఇదే. కులం పనిని పంచలేదు, పనివాళ్లను విడగొట్టింది. ఒక వృత్తి దెబ్బతిన్నప్పుడు మనిషి ఇంకో పనికి మారాలె. కులం మారనియ్యదు. అందుకే ఈ దేశంలో నిరుద్యోగానికి కులం నేరుగా ఒక కారణం అన్నడు. కీన్స్ పుస్తకం అచ్చయిన ఏడే ఈ మాట అన్నడు. ఇది కూడా సరఫరా వైపు మాటే, చూడండి! శ్రమ కదలకుండా ఆపే అడ్డం గురించే చెప్పిండు. మరి శ్రమకు అడ్డం తియ్యాలనే పండితులు ఈ అడ్డం దగ్గరికి రాగానే కళ్లు మూసుకుంటారెందుకు?

అది పాత ముచ్చట అంటారేమో. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఎటివెల్ అనే పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. పేపర్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అర్హత ఉన్న అర్జీలు పంపారు. పేర్లే వేరు. దళిత పేరున్న అర్జీకి పిలుపు వచ్చే అవకాశం అగ్రకులం పేరున్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువని తేలింది. అర్జీలో ఉన్న నైపుణ్యం ఒక్కటే. తేడా పేరులోనే.

గేటు లోపల ఏముందో కూడా మీకు తెలుసు. దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో పదిమందికి నలుగురు కాంట్రాక్టు వాళ్లేనని సర్కారు సర్వేలే చెప్తున్నయి. రియాక్టరు కడిగేవాడు, బూడిద మోసేవాడు, డ్రమ్ములు దొర్లించేవాడు ఎవరు? ఊరు మారింది, వాడ మారింది, పని మాత్రం అదే చేతుల్లో ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినోళ్లు. చట్టాలు ఎక్కువై ఉద్యోగాలు రావడం లేదనే పెద్దమనుషులను ఆ గేటు ముందు నిలబెట్టి అడగాలె, ఏ చట్టం ఎక్కువైంది అయ్యా అని.

కాబట్టి తమ్ముళ్లారా, ఒక తప్పు చెయ్యొద్దు. "బయటోళ్లు వచ్చి మన పనులు గుంజుకున్నరు" అనొద్దు. మనల్ని లోకల్ అని వద్దంటున్నది సంఘం పెడతామనే భయంతో. వాళ్లను తెచ్చుకుంటున్నది అడగలేరనే ధీమాతో. రెండూ ఒకే లెక్క. వాళ్లూ మనవాళ్లే.

ఇంకా జరుగుతున్నది వినండి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినయని కేంద్రం ప్రకటించింది. ఇదివరకు వందమంది ఉన్న ఫ్యాక్టరీ మూసేయాలన్నా, కార్మికులను తీసేయాలన్నా సర్కారు అనుమతి కావాలె. ఇప్పుడు ఆ హద్దు 300 అయింది. కాంట్రాక్టు కార్మికుల చట్టం ఇదివరకు 20 మందికి వర్తించేది, ఇప్పుడు 50 మంది. తీసెయ్యడం సులువైతే తీసుకోవడం పెరుగుతుందనేదే దీని వెనుకున్న సిద్ధాంతం. పెరుగుతుందో లేదో మనమే లెక్క పెడదాం. వాళ్లు చెప్పింది నమ్మం, కొట్టెయ్యం. లెక్క అడుగుతం.

ఎట్ల అడగాలె? నాలుగు పనులు చెప్పి ముగిస్తాం.

మొదటిది. సమాచార హక్కు చట్టం కింద సంగారెడ్డిలోని జిల్లా పరిశ్రమల కేంద్రానికి అర్జీలు పెట్టండి. ఏ కంపెనీకి ఎంత భూమి, ఎంత రాయితీ ఇచ్చారు? ఎన్ని ఉద్యోగాలు ఇస్తామని రాసిచ్చింది? ఇచ్చింది ఎన్ని? వాటిలో పర్మనెంట్ ఎన్ని? 30 రోజుల్లో జవాబివ్వాలె. రాయితీ తీసుకున్నోడు లెక్క చెప్పాలె. రేషన్ కార్డుకు మనల్ని వంద కాగితాలు అడుగుతలేరా?

రెండోది. కాంట్రాక్టు మీద పనిచేసే ప్రతి ఒక్కరూ జీతం చీటీ, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ కార్డు అడగండి. పీఎఫ్ కోసి కట్టకపోతే అది దొంగతనమే. ఇంటికొకరు పేరు రాసి, సంఘం దగ్గర ఒక నోటుబుక్కు పెట్టండి. బీహారు తమ్ముడి పేరు కూడా రాయండి.

మూడోది. సర్కారు రాయితీ తీసుకున్న ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ కావాలె. ప్రజల భూమి, ప్రజల పన్ను, ప్రజల వాగు తీసుకున్నది ప్రైవేటు ఎట్లయితది?

నాలుగోది మా పని. పిల్లలను బడి మాన్పించకండి. నైపుణ్యం లేదనే మాటలో అబద్ధం ఉంది, కొంత నిజమూ ఉంది. ఐటీఐలో మిషన్ ఉండదు, బడిలో సైన్సు సారు ఉండడు. అది పిల్లవాడి లోపం కాదు, కాని బాధపడేది పిల్లవాడే. కంపెనీకి ఇచ్చే రాయితీలో కొంతయినా ఆ ఐటీఐకి ఇమ్మని కొట్లాడాలె. సరఫరా పెంచాలంటే ముందు అది పెంచండి అందాం.

ఇక ఆ పిల్లవాడికి జవాబు. తమ్ముడూ, నువ్వు పని చెయ్యనన్లేదు. నీ చేతిలో లోపం లేదు. తలుపుకు మూడు తాళాలున్నయి. ఒకటి కరెంటు, పెట్టుబడి తాళం. దాన్ని తెరిచే బాధ్యత సర్కారుది, చాలావరకు తెరిచింది కూడా. రెండోది పేదోడి జేబు తాళం. కూలి పెరిగితేనే అది తెరుచుకుంటది. మూడోది కులం తాళం. దాని తాళంచెవి ఏ మంత్రి జేబులోనూ లేదు. మనం కలిసి కొట్టి తియ్యాల్సిందే. ఒక్క తాళం తీసి, తలుపు తెరిచినం, నువ్వే లోపలికి రాలేదు అనేవాళ్ల మాట నమ్మకు. రేపు ఆ గేటు దగ్గరికి ఒక్కడివే పోకు. మేమూ వస్తం.

జై భీమ్!